ధ్రువయాత్రకు వారసులు: అంటార్కిటికా ప్రయాణానికి ముందు జరిగే పని

స్మారకోపన్యాస పాఠం, రామకృష్ణాపూర్

తండ్రి వెళ్లిన ధ్రువఖండానికి బిడ్డ మళ్లీ బయలుదేరిన సందర్భాలు యాత్రల చరిత్రలో తక్కువ. బాగా నమోదైనవాటిలో మూడు ఇవి. దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ 1912లో చనిపోయిన కెప్టెన్ రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ కొడుకు పీటర్ స్కాట్ 1966లో అంటార్కిటికా వెళ్లాడు. 1958లో ట్రాక్టర్లతో ధ్రువం చేరిన ఎడ్మండ్ హిల్లరీ కొడుకు పీటర్ హిల్లరీ 1999లో స్కీల మీద అక్కడికి చేరాడు. 1986లో బండి లాక్కుంటూ నడిచివెళ్లిన రాబర్ట్ స్వాన్ కొడుకు బార్నీ స్వాన్ 2018లో ధ్రువం మీద నిలబడ్డాడు. ముగ్గురిలో ఎవరూ తండ్రి యాత్రను ఉన్నదున్నట్టు తిరిగి చేయలేదు. ఉద్దేశం మార్చుకున్నారు, సాధనాలు మార్చుకున్నారు. ముందుతరం యాత్ర మిగిల్చే ఆస్తిలో ఎక్కువ భాగం సన్నాహపు లెక్కే: ఏది సరిపోయింది, ఏది చాల్లేదు, ఏది అదనపు బరువైంది అన్నది. ఆ లెక్క ఎలా తయారైంది, ఇవాళ అంటార్కిటికా వెళ్లదలచినవారు దాన్ని ఎలా వాడుకుంటున్నారు, తెలుగువారికీ సింగరేణి బొగ్గు నేలకూ ఇందులో ఉన్న పాలెంత అన్నవి ఇక్కడి విషయాలు.

తండ్రులు వదిలిన లెక్కలు

స్కాట్ బృందం 1912 జనవరి 17న ధ్రువం చేరింది. అప్పటికి నార్వేకు చెందిన రోఆల్డ్ అముండ్‌సెన్ వచ్చి వెళ్లి నెల దాటింది. ఆయన చేరింది 1911 డిసెంబర్ 14న. తిరుగుదారిలో స్కాట్ బృందంలోని అయిదుగురూ చనిపోయారు. కారణాలను తరవాతి తరాలు విడివిడిగా తూచి చూశాయి. బండ్లు లాగే మనిషికి రోజుకు ఆరు వేల కేలరీలకు పైగా అవసరం. వాళ్లకు అందింది సుమారు నాలుగున్నర వేలు. కిరసనాయిలు డబ్బాల మూతలకు వేసిన తోలు వాషర్లు చలికి బిగుసుకుపోయి, దారిలో దాచిన ఇంధనం ఆవిరైపోయింది. అముండ్‌సెన్ తన డబ్బాలకు మాటు వేయించాడు, నష్టం లేదు. 80 డిగ్రీల అక్షాంశం దగ్గర పెట్టాలనుకున్న పెద్ద సరుకు నిల్వను, గుర్రాలు నీరసించినందువల్ల దాదాపు 57 కిలోమీటర్లు ఇవతలే దించేశారు. చివరి ముగ్గురి గుడారం ఆ నిల్వకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది. అనుకున్న చోటే నిల్వ ఉండి ఉంటే దాన్ని వాళ్లు దాటి వచ్చేవారే.

హిల్లరీది వేరే లెక్క. కామన్వెల్త్ ట్రాన్స్ అంటార్కిటిక్ యాత్రలో ఆయన పని, అవతలి తీరం నుంచి ఖండం దాటి వస్తున్న వివియన్ ఫుక్స్ బృందం కోసం దారిలో నిల్వలు పెట్టడం. పొలం దున్నే ఫెర్గూసన్ ట్రాక్టర్లకు గొలుసు పట్టాలు బిగించి, నిల్వలు పెట్టాక ఆగకుండా 1958 జనవరి 4న ధ్రువం చేరాడు. మోటారు వాహనంతో నేలమీదుగా ధ్రువం చేరడం అదే మొదటిసారి. చేరేసరికి మిగిలిన ఇంధనం మరి కొద్ది మైళ్లకే సరిపోయేంత.

స్కాట్ అడుగుజాడల్లో నడవాలని బయలుదేరిన రాబర్ట్ స్వాన్, రోజర్ మియర్, గారెత్ వుడ్ 1986 జనవరి 11న ధ్రువం చేరారు. వాళ్లను తీసుకువెళ్లాల్సిన ఓడ సదరన్ క్వెస్ట్ ఆ సమయానికే మంచుగడ్డల మధ్య నలిగి మునిగిపోయింది. వెళ్లడానికి చేసిన ఏర్పాటు ఎంత గట్టిదైనా, తిరిగి రావడానికి ఒకే ఏర్పాటు ఉంటే చాలదని ఆ యాత్ర చూపింది.

పిల్లలు మార్చిన ఉద్దేశాలు

పీటర్ స్కాట్ పుట్టింది 1909 సెప్టెంబర్‌లో. తండ్రి పోయేనాటికి రెండున్నరేళ్ల పిల్లవాడు. పిల్లవాడికి ప్రకృతిశాస్త్రం మీద ఇష్టం కలిగించమని స్కాట్ చివరి ఉత్తరంలో భార్యను కోరాడు. పీటర్ పక్షిశాస్త్రజ్ఞుడయ్యాడు, చిత్రకారుడయ్యాడు. 1946లో స్లిమ్‌బ్రిడ్జ్‌లో నీటిపక్షుల సంరక్షణ సంస్థను, 1961లో మరికొందరితో కలిసి ప్రపంచ వన్యప్రాణి నిధిని స్థాపించాడు. తండ్రి జెండా పాతడానికి వెళ్లిన ఖండాన్ని కొడుకు జీవరాశిని చూడడానికి వెళ్లి చూశాడు.

పీటర్ హిల్లరీ 1998-99 వేసవిలో ఎరిక్ ఫిలిప్స్, జాన్ మ్యూర్‌లతో కలిసి స్కాట్ బేస్ నుంచి స్కీల మీద బయలుదేరాడు. తండ్రి ఇంజన్లతో చేసిన పనిని ఈ ముగ్గురు ఒంటిబలంతో చేయాలనుకున్నారు. ధ్రువం చేరడానికి 84 రోజులు పట్టింది. వెనక్కి కూడా స్కీల మీదే రావాలన్న పథకం కాలం మించిపోయినందువల్ల వదులుకుని విమానంలో తిరిగివచ్చారు.

బార్నీ స్వాన్ 2017 చివర్లో తండ్రితోపాటే బయలుదేరాడు. సూర్యరశ్మితో మంచు కరిగించే పరికరాలు, మొక్కల నుంచి తీసిన ఇంధనాలతోనే ధ్రువం చేరాలన్నది వాళ్ల నియమం. అరవై దాటిన తండ్రి, తన నడక వేగంతో బృందం అనుకున్న రోజుకు చేరదని గ్రహించి మధ్యలో ఆగిపోయాడు. ఇరవైమూడేళ్ల కొడుకు మిగిలినవారితో ముందుకు సాగి 2018 జనవరిలో ధ్రువం చేరాడు. ఎక్కడ ఆగాలన్నది కూడా బయలుదేరకముందే అనుకోవలసిన విషయాల్లో ఒకటి.

అనుమతి

ఇప్పుడు సన్నాహంలో మొదటి మెట్టు చట్టం. 1959 నాటి అంటార్కిటికా ఒప్పందం 60 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువనున్న ప్రాంతమంతటికీ వర్తిస్తుంది. భారత్ 1983 ఆగస్టులో ఇందులో చేరింది, సెప్టెంబర్‌లో నిర్ణయాధికారం ఉన్న సభ్యదేశమైంది. 1991లో కుదిరి 1998లో అమల్లోకి వచ్చిన మాడ్రిడ్ పర్యావరణ ఒడంబడిక ప్రకారం ప్రతి యాత్రా పర్యావరణం మీద తన ప్రభావాన్ని ముందే అంచనా వేయాలి. 2022 నాటి భారత అంటార్కిటిక్ చట్టం అనుమతిపత్రం తప్పనిసరి చేసింది.

ఈ నియమాలు సామాను జాబితానే మార్చేశాయి. 1994 నుంచి అంటార్కిటికాలో కుక్కలు ఉండకూడదు కాబట్టి అముండ్‌సెన్ పద్ధతి ఇక ఎవరికీ అందుబాటులో లేదు. బూట్ల అడుగున మట్టి, జేబుల మూలల్లో గింజలు, బట్టల పట్టీల్లో చిక్కిన గడ్డిపోచలు ఏరి శుభ్రం చేసుకున్నాకే విమానమెక్కాలి. పరాయి మొక్క ఒక్కటి వేరూనినా నష్టమే. చెత్తను పోగుచేసి వెనక్కి తేవాలి.

ఒళ్లు, బట్ట, తిండి

ధ్రువం సముద్రమట్టానికి 2,835 మీటర్ల ఎత్తున ఉంది. అందులో దాదాపు 2,700 మీటర్లు మంచే. నడక యాత్రలు సాధారణంగా నవంబర్‌లో మొదలై జనవరిలో ముగుస్తాయి. ప్రైవేటు యాత్రికులు చిలీ దక్షిణ కొసనున్న పుంటా అరీనాస్ నుంచి విమానంలో యూనియన్ గ్లేసియర్ శిబిరానికి వెళతారు. ఎక్కువమంది నడక మొదలుపెట్టే హెర్క్యులిస్ ఇన్‌లెట్ నుంచి ధ్రువానికి దాదాపు 1,130 కిలోమీటర్లు. దారంతా ఎదురుగాలి, మెల్లమెల్లగా ఎక్కే చదును.

ఈ నడకకు కావలసింది రోజూ ఎనిమిది నుంచి పది గంటలు ఒకే తీరున లాగే ఓపిక. నడుముకు పట్టీ కట్టి, పాత టైర్లను మట్టిరోడ్డు మీద నెలల తరబడి ఈడ్చడం ప్రపంచమంతటా వాడుకలో ఉన్న సాధన. అది ఏ ఊళ్లోనైనా చేయవచ్చు. మంచు పగుళ్లలో పడ్డవారిని తాళ్లతో పైకి తీయడం, చేతితొడుగులు తీయకుండా గుడారం వేయడం, కనుచూపు ఆనని తెల్లటి మసకలో దిక్సూచితో నడవడం మాత్రం మంచు మీదే నేర్చుకోవాలి.

బట్టల విషయంలో చలికంటే చెమటే పెద్ద శత్రువు. తడిసిన నూలుబట్ట ఆరదు, నడక ఆపగానే గడ్డకడుతుంది. అందుకే ఒంటికి ఆనే పొర ఉన్నిది, పైన గాలి చొరనివ్వని పొర, ఆగినప్పుడు మాత్రమే వేసుకునే లావుపాటి కోటు. నడిచేటప్పుడు కొద్దిగా చలిపెట్టేటట్టు తొడుక్కోవడం సరైన పద్ధతి. ముక్కు, బుగ్గలు, వేళ్లకొసలు ముందుగా చచ్చుబడతాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండాలి.

తిండిని బరువుతో తూస్తారు. పిండిపదార్థం గ్రాముకు నాలుగు కేలరీలిస్తే కొవ్వు తొమ్మిదిస్తుంది. కాబట్టి వెన్న, గింజలు, చాక్లెట్, నీరు తీసేసి ఎండబెట్టిన భోజనం ప్రధానం. రోజువారీ వంతులు ఇంటి దగ్గరే విడివిడి సంచుల్లో కట్టి పెడతారు. మంచులో కూర్చుని పంచుకునే ఓపిక ఎవరికీ ఉండదు. ఇంధనంలో పెద్దభాగం వంటకు కాక మంచు కరిగించి తాగునీరు చేసుకోవడానికే పోతుంది.

ఇక్కడ బొగ్గుబాయిలో పనిచేసినవారికి వెంటనే తెలిసే ప్రమాదం ఒకటుంది. గాలి ఆడని గుడారంలోనో గదిలోనో పొయ్యి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. అమెరికన్ యాత్రికుడు రిచర్డ్ బర్డ్ 1934 శీతాకాలంలో మంచుకింది గదిలో ఒంటరిగా ఉండి ఈ వాయువు వల్లే చావు అంచుదాకా వెళ్లాడు. బాయిలో బొగ్గు తనంతట తాను వేడెక్కినప్పుడు పుట్టేదీ ఇదే వాయువు. రంగు లేదు, వాసన లేదు. చలికి భయపడి గాలిదారి మూయకూడదన్నది గుడారానికీ సూత్రమే.

మనసు

పీటర్ హిల్లరీ యాత్రలో శరీరాలు తట్టుకున్నాయి, మనుషులు విడిపోయారు. ముగ్గురి మధ్యా మాటలు తగ్గి, రోజులకు రోజులు మౌనంగా నడిచారు. 1975లో కాఠ్మండూ దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయిన తల్లి తనతో నడుస్తున్నట్టు ఆయనకు అనిపించేది. పర్వతాల మీద పోయిన స్నేహితులూ కనిపించేవారు. కంటికి ఆనడానికి ఏమీ లేని తెల్లదనంలో మెదడు జ్ఞాపకాలతో ఖాళీని పూరించుకుంటుంది. ఈ అనుభవాన్ని ఆయన దాచుకోకుండా పుస్తకంగా రాసినందువల్ల తరవాతివారికి అది సన్నాహంలో భాగమైంది. మాటపట్టింపు వస్తే ఎవరి మాట చెల్లాలి, ఒకరు జబ్బుపడితే బృందం ఆగాలా, ఏ తేదీ దాటితే వెనుదిరగాలి అన్నవి ఇవాళ బయలుదేరకముందే కాగితం మీద రాసుకుంటున్నారు.

తండ్రి పేరు మోసుకుని వెళ్లేవారికి మరో బరువు కూడా ఉంటుంది. వెనక్కి తిరగవలసినచోట తిరగనివ్వనిది తరచుగా ఆ పేరే. రాబర్ట్ స్వాన్ కొడుకు ఎదుటే ఆగిపోగలగడం ఈ బరువును తగ్గించే ఉదాహరణ.

హైదరాబాద్ దారి

తెలుగునేల నుంచి అంటార్కిటికాకు ఇంతవరకు పడిన దారి కుటుంబాల ద్వారా కంటే సంస్థల ద్వారానే ఎక్కువ పడింది. సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వంలో మొదటి భారత యాత్ర 1981 డిసెంబర్‌లో గోవా నుంచి బయలుదేరి 1982 జనవరి 9న ఖండం మీద దిగింది. మూడో యాత్రకు నాయకుడైన భూభౌతిక శాస్త్రవేత్త హర్ష్ గుప్తా 1983-84లో ఒక్క వేసవిలోనే దక్షిణ గంగోత్రి స్థావరం కట్టించి, తరవాతి కాలంలో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. ఆ యాత్రలోనే సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ అంటార్కిటికాలో పనిచేసిన తొలి భారత మహిళలయ్యారు. దక్షిణ గంగోత్రి మంచులో కూరుకుపోతుండగా, 1989లో రాతినేల మీద మైత్రి వచ్చింది. 2012లో భారతి వచ్చింది. మైత్రిలో 1997 నుంచి భూకంపాలను నమోదుచేస్తున్న కేంద్రం ఈ హైదరాబాద్ సంస్థదే.

భారతి దగ్గరున్న ఉపగ్రహ సమాచార కేంద్రం హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిది. ధ్రువకక్ష్యలో తిరిగే ఉపగ్రహం రోజుకు సుమారు 14 సార్లు భూమిని చుట్టివస్తుంది. ఆ సంస్థకు భూకేంద్రమున్న షాద్‌నగర్ మీదుగా వెళ్లేది వాటిలో కొద్దిసార్లే. ధ్రువం దగ్గరున్న కేంద్రానికి చాలాసార్లు అందుతుంది. ఈ పనికోసం 2016 నవంబర్‌లో 23 మంది బృందంలో ఏకైక మహిళగా బయలుదేరిన మంగళామణి వయసు అప్పటికి 56. భారతిలో 403 రోజులు గడిపారు. అంతకుముందు ఆమె మంచు కురవడం చూసినవారు కారు. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో శారీరక, మానసిక పరీక్షలు, ఆ తరవాత ఉత్తరాఖండ్‌లోని ఔలీ, బద్రీనాథ్‌లలో బరువులు మోస్తూ మంచు మీద నడవడం ఆమె సన్నాహం. వయసు కంటే ఓర్పు, ఇతరులతో సర్దుకుపోయే గుణం ముఖ్యమని ఆ ఎంపిక తెలియజేస్తుంది.

పర్వతారోహకుల దారి మరొకటి. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006 జనవరి 19న అంటార్కిటికాలో ఎత్తయిన విన్సన్ శిఖరం ఎక్కి, అక్కడినుంచి 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేశాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఆయన ప్రాణాలు కోల్పోయాడు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ గురుకుల పాఠశాలలో చదువుతూ భువనగిరి రాతిగుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొంది 2014లో ఎవరెస్ట్, 2019 డిసెంబర్‌లో 4,892 మీటర్ల విన్సన్ ఎక్కింది. వ్యవసాయ కూలీల ఇంట్లో పుట్టిన ఆమెకు ముందుతరం యాత్రానుభవం ఇంట్లో దొరకలేదు. గురువుల దగ్గర దొరికింది.

బొగ్గు నేల

రామకృష్ణాపూర్ కిందున్న బొగ్గుకూ అంటార్కిటికాకూ ఉన్న సంబంధం ఈ యాత్రలన్నిటికంటే పాతది. 1908 డిసెంబర్‌లో బ్రిటిష్ యాత్రికుడు షాకిల్టన్ బృందంలోని ఫ్రాంక్ వైల్డ్ బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన బొగ్గుపొరలు చూశాడు. 1912 ఫిబ్రవరిలో స్కాట్ బృందం అదే ప్రాంతంలో ఆగి రాళ్లు ఏరింది. నవంబర్‌లో వెతకడానికి వెళ్లినవారికి శవాల పక్కన బండి మీద దాదాపు 16 కిలోల రాళ్లు దొరికాయి. వాటిలో నాలుక ఆకారపు ఆకు ముద్రలున్నాయి. వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సీవార్డ్ 1914లో వాటిని గ్లాసోప్టెరిస్‌గా గుర్తించాడు.

గోదావరి లోయ బొగ్గుపొరలకు ఆనుకున్న రాతిలో కనిపించే ఆకు ముద్రలూ గ్లాసోప్టెరిస్‌వే. ఈ పొరలు పెర్మియన్ కాలానివి, అంటే 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటివి. అప్పుడు భారత్, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా గోండ్వానా అనే ఒకే భూఖండంలో భాగాలు. మన తూర్పు తీరం తూర్పు అంటార్కిటికాకు ఆనుకుని ఉండేది. భారతి స్థావరమున్న ప్రిడ్జ్ అఖాతం పరిసరాల రాళ్లను తూర్పు కనుమల రాళ్లతో పోల్చి శాస్త్రవేత్తలు ఆ అతుకును వెతుకుతున్నారు. ఒకే రకం అడవి రెండుచోట్లా బొగ్గయింది. ఇక్కడ 1871 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర దాన్ని కనుక్కున్నాడు, 1889లో తవ్వకం మొదలైంది. అక్కడ మాత్రం మాడ్రిడ్ ఒడంబడిక పరిశోధనకు తప్ప ఖనిజాల జోలికి పోవడాన్ని నిషేధించింది. 2048 తరవాత సభ్యదేశాలు ఒడంబడిక సమీక్ష కోరవచ్చు. అప్పుడు కూడా నిషేధం దానంతటది తొలగిపోదు.

సింగరేణిలో తండ్రి ఉద్యోగం వారసత్వంగా కొడుక్కి రావచ్చు. బాయి గురించి తండ్రికి తెలిసినది దాంతోపాటు రాదు. అందుకే కొత్తగా చేరినవారు ఎవరి బిడ్డలైనా ముందు వైద్యపరీక్ష, తరవాత 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమాల ప్రకారం వృత్తిశిక్షణ కేంద్రంలో (వీటీసీలో) శిక్షణ పూర్తిచేశాకే బాయిలోకి దిగాలి. పైకప్పుకు ఆధారాలు పెట్టడం, గాలి ఆడించడం, వాయువు కొలవడం గురించిన నియమాలు చాలావరకు పాత ప్రమాదాల నుంచి పుట్టినవే. అంటార్కిటికా సన్నాహం పెరిగిందీ ఇలాగే. ఇంధనం డబ్బాల మూతలు, సరుకు నిల్వల దూరం, రెండో తిరుగు ఏర్పాటు, గుడారంలో గాలిదారి: ప్రతిదాని వెనుకా ఒక పాత యాత్ర ఉంది.

ఇక్కడినుంచి వెళ్లే మార్గం

గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం ఏటా భారత యాత్రను నడుపుతుంది. బృందం సాధారణంగా దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ మీదుగా విమానంలో గానీ ఓడలో గానీ వెళుతుంది. శాస్త్రవేత్తలు బృందంలో ఒక భాగమే. జనరేటర్లు నడిపేవారు, వాహన మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, క్రేన్ ఆపరేటర్లు, వంటవారు, వైద్యులు లేకుండా చలికాలంలో స్థావరం ఒక్కరోజు కూడా నిలవదు. ఈ పనుల కోసం ఆ కేంద్రం ప్రకటనలు ఇస్తుంది. ఐటీఐ, డిప్లొమా చదివి భారీ యంత్రాల మీద షిఫ్టులవారీగా పనిచేసిన అనుభవం బొగ్గు ప్రాంతంలో కొరత లేనిది. ఎంపికలో అడిగేదీ అలాంటి అనుభవమే. అర్హత, వైద్యపరీక్ష, ఔలీలో శిక్షణ, ప్రయాణం అన్నది వరుస.

చలికాలం గడిపిన బృందం తిరిగివచ్చేముందు కొత్త బృందానికి స్థావరాన్ని అప్పగిస్తుంది. ఏ జనరేటర్ మొరాయించింది, ఏ పైపు గడ్డకట్టింది, ఏ సరుకు ముందే అయిపోయింది అన్నవన్నీ అప్పగింతలో ఉంటాయి. స్కాట్ డైరీ, హిల్లరీల అనుభవం, స్వాన్‌ల లెక్కలు తరవాతివారికి చేసిన మేలును ఈ అప్పగింత ఏటా చేస్తుంది. దానికి రక్తసంబంధం అక్కర్లేదు. వెళ్లినవారు ఉన్నదున్నట్టు రాయడం, వెళ్లబోయేవారు అది చదివి సామాను కట్టుకోవడం చాలు.